అద్దెకిచ్చిన ఇంట్లో ప్రవేశం: యజమాని హక్కు, హద్దు

అల్‌హందులిల్లాహి రబ్బిల్ ఆలమీన్, వస్సలాతు వస్సలాము అలా సయ్యిదిల్ ముర్సలీన్, వ అలా ఆలిహీ వ సహ్‌బిహీ అజ్మయీన్. అమ్మా బఅద్.

 

అల్లాహ్ తన దాసులపై కురిపించిన అనుగ్రహాలను సూరహ్ నహ్ల్‌లో ఒక్కొక్కటిగా జ్ఞాపకం చేస్తూ 80వ ఆయతులో ఇంటి ప్రస్తావన తెచ్చాడు. మన ఇళ్లను మనకు నెమ్మది లభించే స్థలంగా తానే చేశానని తెలియజేశాడు. అక్కడ వచ్చిన అరబీ పదం సకన్. మనం ఉర్దూలో నిత్యం పలికే సుకూన్ అనే మాట, నివాసం అనే అర్థమిచ్చే మస్కన్, నివసించేవాడు అనే అర్థమిచ్చే సాకిన్, అన్నీ ఆ ధాతువు నుండి పుట్టినవే. నాలుగు గోడలు, పైన కప్పు ఉంటే అది కట్టడం. లోపలివాడు గడియ వేసుకుని, తల మీది టోపీ తీసి, ఇక నన్నెవరూ చూడరు అని నిశ్చింతగా కూర్చున్నప్పుడే అది మస్కన్ అవుతుంది. ఆ నిశ్చింత సొంత ఇంట్లో ఉన్నవాడికి ఎంత అవసరమో, నెలనెలా పైకం చెల్లించి పరుల ఇంట్లో ఉన్నవాడికీ అంతే అవసరం.

మన జమాఅత్‌లో అధికులు అద్దె ఇళ్లలో ఉన్నవారు. తెలంగాణ వైపు కిరాయి అంటారు, కోస్తాలో అద్దె అంటారు, కష్టం మాత్రం ఒకటే. అదే జమాఅత్‌లో రెండు పోర్షన్లు, మూడు పోర్షన్లు కట్టుకుని ఆ అద్దె మీదనే సంసారం నడుపుకునే పెద్దలు కూడా ఉన్నారు. ఇద్దరూ ఒకే సఫ్‌లో భుజం కలిపి నిలబడతారు. నేటి ప్రసంగం ఇద్దరికీ చెందినది.

ఈ విషయం ఎత్తుకోవడానికి ఒక కారణం ఉన్నది. కొంతకాలం క్రితం నా వద్దకు ఒక తగవు వచ్చింది. ఊరు చెప్పను, పేర్లు చెప్పను. ఒక అద్దె ఇంట్లో ఇంటి పెద్ద మరణించాడు. ఆయన భార్య ఆ ఇంట్లోనే ఇద్దత్‌లో కూర్చున్నది. భర్త పోయిన స్త్రీకి నాలుగు నెలల పది రోజులు, గర్భవతి అయితే ప్రసవం వరకు, ఇద్దత్ అని మీకు తెలుసు. ఇంటి యజమాని పైఅంతస్తులో ఉంటాడు, నమాజీ మనిషి. మూడో వారంలోనే టు-లెట్ బోర్డు కట్టాడు. ఒక మధ్యాహ్నం ఒక బ్రోకరును, ఇల్లు చూడవచ్చిన ఇద్దరు మగవాళ్లను వెంటబెట్టుకుని, తన వద్దనున్న రెండో తాళంచెవితో తలుపు తెరిచి లోపలికి నడిచాడు. ఆమె వంటగదిలో ఉంది. తల మీద దుపట్టా కూడా లేదు. కూరగాయలు తరిగే పళ్లెం మొహానికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడిందట. ఆ వచ్చినవాళ్లు సిగ్గుపడి వెనుదిరిగారు. యజమాని మాత్రం, ఇదిగో ఇది కిచెన్ అని చూపిస్తూనే ఉన్నాడు.

ఆమె సోదరుడు వచ్చి నాతో చెప్పినప్పుడు నేను ఆ యజమానిని పిలిపించాను. ఆయన కోపగించలేదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు. “హజ్రత్, నా ఇంట్లోకి నేను పోవడానికి ఎవరి ఇజాజత్ అడగాలి? నేనేమైనా పరాయి ఇంట్లోకి పోయానా?” అన్నాడు. రెండో మాట ఇంకా బలంగా అన్నాడు. “అగ్రిమెంటు ఆమె భర్తతో. ఆయన ఇంతెఖాల్ అయ్యాడు. కిరాయిదారు చనిపోతే ఇజారా రద్దవుతుందని మీ ఫిఖ్హ్ కితాబుల్లోనే ఉందట కదా?”

ఈ రెండు మాటలను మనం తేలికగా కొట్టివేయరాదు. మొదటిది చాలామంది మనసుల్లో ఉన్నదే, ఆయన నోటితో అన్నాడు, అంతే. రెండోది చదువుకున్నవాడెవరో ఆయనకు అందించిన మాట.

మొదటి మాటకు జవాబు సూరహ్ నూర్ 27వ ఆయతులో ఉన్నది. విశ్వాసులను పిలిచి అల్లాహ్ ఇచ్చిన ఆదేశం ఇది: మీ ఇళ్లు కాని ఇతర ఇళ్లలో, ఆ ఇంటివారి సమ్మతి తెలుసుకుని వారికి సలాం చేయనంతవరకు ప్రవేశించకండి. మరి ఆ యజమాని అడిగినట్టు, తాను కట్టించి తన పేరిట రిజిస్టరు అయిన ఇల్లు “మీ ఇళ్లు” అనే మాటలోకి వస్తుందా, “ఇతర ఇళ్లు” అనే మాటలోకి వస్తుందా?

ఈ ప్రశ్న నేటిది కాదు. మన మద్రసాలలో తరతరాలుగా బోధించే తఫ్సీర్ గ్రంథం ఖాజీ బైజావీ గారిది. ఆయన ఈ ఆయతు దగ్గర ఆగి ఒకే ఒక వాక్యంలో దీన్ని తేల్చివేశారు. మీ ఇళ్లు కానివి అంటే మీరు నివసించనివి అని అర్థం, ఎందుకంటే ఇల్లు అద్దెకిచ్చినవాడు, ఊరికే వాడుకోమని ఇచ్చినవాడు కూడా అనుమతి లేకుండా ప్రవేశించరాదు అని వారి వివరణ. 19వ శతాబ్దంలో బగ్దాదుకు చెందిన అల్లామా ఆలూసీ కూడా తన రూహుల్ మఆనీలో ఇదే వివరించారు. ఇక్కడ ఇంటిని మనిషికి ముడిపెట్టింది ఆస్తి హక్కు కాదు, నివాసం. దానికి రుజువుగా వారు చూపించినది ఈ అద్దెకిచ్చిన యజమాని ఉదాహరణనే.

నేను ఆయనకు ఆ పుట తెరిచి చూపించాను. అరబీ ఆయనకు రాదు, ఉర్దూలో చెప్పాను, మళ్లీ తెలుగులో చెప్పాను. ఆయన చాలాసేపు మౌనంగా ఉన్నాడు.

సోదరులారా, ఇక్కడ ఒక సూక్ష్మం గ్రహించండి. అద్దె అంటే ఏమిటి? ఫుఖహాలు ఇజారాను వస్తువు అమ్మకంగా కాక, వస్తువు నుండి కలిగే ప్రయోజనం అమ్మకంగా నిర్వచించారు. ఇల్లు అనే వస్తువు యజమానిదే. ఆ నెల, ఆ సంవత్సరం అందులో నివసించే ప్రయోజనం ఆయన అమ్మివేశాడు, ధర తీసుకున్నాడు. అమ్మి సొమ్ము పుచ్చుకున్నవాడు ఆ సరుకును మళ్లీ చేతిలోకి తీసుకుంటే మనం దాన్నేమంటాం? బియ్యం బస్తా అమ్మి, రాత్రికి వచ్చి రెండు శేర్లు తీసుకుపోయే దుకాణదారుణ్ణి ఎవరూ వర్తకుడు అనరు. అద్దె తీసుకుంటూ నివాసపు నెమ్మదిని వెనక్కి లాక్కోవడం కూడా ఆ కోవలోనిదే. పైగా బియ్యం పోతే మళ్లీ కొలిచి ఇవ్వవచ్చు.

ఇక రెండో మాట. ఇది నిజమే. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం, తన కొరకు ఒప్పందం చేసుకున్న ఇద్దరిలో ఒకరు మరణిస్తే ఇజారా ఒప్పందం ముగుస్తుంది. ఇమాం మాలిక్, ఇమాం షాఫియీ, ఇమాం అహ్మద్ గార్ల దృష్టిలో ముగియదు. ఆ యజమాని హనఫీ, కనుక ఆయన పట్టు సబబే అనిపించవచ్చు. కానీ బైజావీ గారి వాక్యంలో రెండో సగం మరొకసారి చూడండి. అద్దెకిచ్చినవాడితోపాటు ఊరికే వాడుకోమని ఇచ్చినవాడినీ వారు కలిపారు. ఊరికే ఇచ్చినవాడు ఎప్పుడైనా ఖాళీ చేయమనవచ్చు, అతనికి ఒక్క పైసా ముట్టలేదు, కాలపరిమితి లేదు. అయినా లోపల మనిషి ఉన్నంతవరకు అతనూ తలుపు తట్టవలసిందే. అంటే అనుమతి తీసుకోవాలనే ఆదేశం అగ్రిమెంటు కాగితం మీద ఆధారపడి లేదు, అద్దె ముట్టిందా లేదా అనేదాని మీద కూడా లేదు. లోపల ఒక ప్రాణి నివసిస్తున్నదా? అయితే అడగాలి. ఒప్పందం ముగిసిందా లేదా అన్నది వేరే తగవు, దాన్ని పెద్దల ముందో కోర్టు ముందో తేల్చుకోవచ్చు. గడప దాటే విషయం దానితో ముడిపడలేదు.

పైగా భర్త మరణించినప్పుడు తాను ఏ ఇంట్లో ఉన్నదో ఆ ఇంట్లోనే ఇద్దత్ గడపమని స్త్రీకి షరీఅత్ ఆదేశం. అద్దె భరించలేకపోతేనో, వెళ్లగొడితేనో, ప్రాణానికి మానానికి భయం కలిగితేనో మారవచ్చునని ఫుఖహాలు మినహాయింపు ఇచ్చారు. ఆ మినహాయింపు ఆమెకు ఊరట కొరకు ఇచ్చింది. ఆమెను అక్కడి నుండి కదిల్చే మనిషి తన లెక్క అల్లాహ్‌కు వేరుగా చెప్పుకోవాలి. ఆ సోదరుడు ఇద్దత్ ముగిసేవరకు అద్దె తానే కడతానన్నాడు. యజమాని ఒప్పుకున్నాడు, బోర్డు దించాడు. రెండో తాళంచెవి ఇవ్వడానికి మాత్రం ఇంకో వారం పట్టింది, నేను రెండుసార్లు వెళ్లవలసివచ్చింది.

కొందరు వేరే ఆయతు చూపిస్తారు. అదే సూరహ్‌లో 29వ ఆయతు. ఎవరూ నివసించని ఇళ్లలో మీకు పనికివచ్చే వస్తువు ఉంటే ప్రవేశించడం మీపై దోషం కాదని అక్కడ అల్లాహ్ అనుమతించాడు. నా ఫ్యాను, నా బీరువా, నా మోటారు ఆ ఇంట్లో ఉన్నాయి కదా అని వాదన. ముఫస్సిర్లు ఈ ఆయతుకు ఇచ్చిన ఉదాహరణలు బాటసారుల సరాయిలు, సత్రాలు, గిడ్డంగులు, దుకాణాలు. వర్తక ప్రయాణాలలో దారిలో వచ్చే సరాయిల గురించి ప్రశ్న తలెత్తినప్పుడు ఈ సౌలభ్యం ఇవ్వబడిందని తఫ్సీర్లలో ఉన్నది. ఆయతులో షరతు స్పష్టంగా ఉన్నది: అది ఎవరూ నివసించని ఇల్లై ఉండాలి. మన ఫ్యాను తిరుగుతున్న గదిలో ఒక సంసారం ఉంటే ఆ షరతు నెరవేరలేదు.

మూడో వాదన ఒకటి ఉంటుంది, అందరూ పైకి చెప్పరు. నేను చెడు ఉద్దేశంతో పోలేదు, దొంగతనానికి పోలేదు, చూసి వచ్చాను అంతే. దీనికి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) జీవితం నుండి జవాబు వినండి. సహల్ బిన్ సఅద్ (రజియల్లాహు అన్హు) ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉన్నది. ఒక వ్యక్తి ప్రవక్త (స) ఇంటి తలుపు రంధ్రంలో నుండి లోపలికి తొంగిచూశాడు. ఆ సమయంలో ప్రవక్త (స) చేతిలో తల గోక్కునే దువ్వెన వంటి ఒక పుల్ల ఉంది. నీవు చూస్తున్నావని నాకు తెలిసి ఉంటే దీనితో నీ కంట్లో పొడిచేవాడిని, అనుమతి అడగాలనే నియమం పెట్టబడిందే చూపు కారణంగా అనే భావంలో వారు పలికారు. అందరిపై కరుణ చూపిన ఆ మహనీయుల నోట ఇంత కఠినమైన మాట వచ్చిందంటే, ఆ తొంగిచూపు ఎంత బరువైనదో ఊహించండి. అతడు లోపల అడుగు పెట్టలేదు, ఏ వస్తువూ ముట్టలేదు. చూశాడు, అంతే.

అందుకే వారి అలవాటు ఎలా ఉండేదో అబ్దుల్లాహ్ బిన్ బుస్ర్ (ర) తెలిపారు. ఎవరి ఇంటికి వెళ్లినా తలుపుకు ఎదురుగా నిలబడేవారు కాదు, కుడివైపో ఎడమవైపో జరిగి నిలబడేవారు. ఆ కాలంలో తలుపులకు పరదాలు ఉండేవి కావు.

మూడుసార్లు అడగాలి, జవాబు రాకపోతే తిరిగిపోవాలి. హజ్రత్ ఉమర్ (ర) ఖలీఫాగా ఉన్న రోజుల్లో అబూ మూసా అష్అరీ (ర) వారి ఇంటికి వచ్చి మూడుసార్లు అనుమతి కోరి, జవాబు రాక వెళ్లిపోయారు. ఎందుకు వెళ్లావని ఖలీఫా పిలిపించి అడిగితే, ప్రవక్త (స) మాకు అలా నేర్పారని చెప్పారు. సాక్షిని తెమ్మన్నారు ఉమర్ (ర). అబూ సయీద్ ఖుద్రీ (ర) వచ్చి సాక్ష్యమిచ్చారు. సఅద్ బిన్ ఉబాదా (ర) గారి ఇంటి ముందు సాక్షాత్తు ప్రవక్త (స) నిలబడి మూడుసార్లు సలాం చేశారు. ప్రవక్త నోట మరిన్ని సలాములు దక్కించుకోవాలనే ఆశతో సఅద్ (ర) లోపలి నుండి మెల్లగా జవాబిచ్చారు. వినిపించక ప్రవక్త (స) వెనుదిరిగారు. సఅద్ (ర) పరుగున వెళ్లి విషయం చెప్పుకుని తిరిగి పిలుచుకువచ్చారు. మదీనాలో ఏ ఇంటి తలుపు వారికి మూసి ఉండేది? అయినా తెరవని తలుపును వారు నెట్టలేదు.

సూరహ్ నూర్ 28వ ఆయతులో, తిరిగి వెళ్లమని చెబితే తిరిగి వెళ్లండి, అదే మీకు పరిశుద్ధమైనది అని ఆదేశం. ఒక ముహాజిర్ సహాబీ ఈ ఆయతుపై ఆచరించే భాగ్యం కొరకు జీవితమంతా ఎదురుచూశారట. ఎవరైనా వెళ్లిపొమ్మంటే సంతోషంగా తిరిగివద్దామని, కానీ ఎవరూ అనలేదని విచారించారు. మన ఇంటి యజమానికి కిరాయిదారు ఇల్లాలు తలుపు సందులో నుండి “భాయ్ సాబ్, ఇప్పుడు ఇంట్లో మగవాళ్లు లేరు, సాయంత్రం రండి” అంటే ఎంత అవమానంగా తోస్తుందో మీకు తెలుసు. ఆ సహాబీ అయితే ఆ మాట విని అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకునేవారు.

ఒకే ఇంట్లో పైన ఒకరు, కింద ఒకరు ఉండడం మన ఊళ్లలో సర్వసాధారణం. దీనికి మనకు ఒక నమూనా ఉన్నది. హిజ్రత్ చేసి మదీనా చేరినప్పుడు ప్రవక్త (స) హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (ర) ఇంట్లో కొన్ని నెలలు బస చేశారు. అబూ అయ్యూబ్ (ర) ఇంటి యజమాని, ప్రవక్త (స) ఆయన ఇంట్లో ఉన్న అతిథి. రాకపోకలకు వీలుగా ఉంటుందని ప్రవక్త (స) కింది భాగం ఎంచుకున్నారు. తాము వారి తల పైన నడుస్తున్నామనే బాధతో ఆ రాత్రి దంపతులు ఒక పక్కకు జరిగి గడిపారు. ఒకసారి పైన నీళ్ల కుండ పగిలింది. నీళ్లు కిందికి కారి ప్రవక్త (స)కు ఇబ్బంది కలుగుతుందేమోనని, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కంబళితో ఇద్దరూ ఆ నీళ్లు అద్దారు. మా ఇల్లు, మా కప్పు, మేం ఎలాగైనా నడుస్తాం అని వారు అనుకోలేదు. అందరి ఇంట్లో ప్రవక్త ఉండరు, నిజమే. అయితే పొరుగువాడు తన కీడు నుండి నిశ్చింతగా లేకపోతే ఆ మనిషి విశ్వాసి కాడని ప్రమాణం చేసి చెప్పింది కూడా ఆ ప్రవక్తే. పైఅంతస్తు యజమానికి కింది కిరాయిదారుకంటే దగ్గరి పొరుగువాడు ఎవడు?

అత్యవసరం వేరు. ఇల్లు అంటుకుంది, గ్యాసు వాసన వస్తున్నది, లోపల పసివాడు చిక్కుకున్నాడు, పైపు పగిలి ఇల్లంతా నీళ్లు నిండుతున్నాయి, పిలిస్తే పలుకు లేదు. అప్పుడు అనుమతి కొరకు నిలబడడం మూర్ఖత్వం. అగ్నిప్రమాదం, మునక వంటివాటిని ముఫస్సిర్లు స్పష్టంగా మినహాయించారు. లోపల బహిరంగమైన దుష్కార్యం జరుగుతున్నప్పుడు కూడా వారు మినహాయింపు చెప్పారు. ఈ చివరి మాటనే మనవాళ్లు బాగా పట్టుకుంటారు. కిరాయికి దిగిన కుర్రవాళ్ల గదికి ఎవరు వస్తున్నారు, ఒంటరి స్త్రీ ఇంటి ముందు ఎవరి బండి ఆగింది, భర్త సౌదీలో ఉంటే ఈమె అంతసేపు ఫోన్లో ఎవరితో మాట్లాడుతున్నది అని కూపీ తీయడం మొదలుపెడతారు. అది మంచిని ఆదేశించడం కాదు. సూరహ్ హుజురాత్ 12వ ఆయతులో అల్లాహ్ నిషేధించిన గూఢచర్యం. అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (ర) వద్దకు ఒకడిని తెచ్చి, వీడి గడ్డం నుండి మద్యం చుక్కలు కారుతుంటాయని చెప్పారు. రహస్యాలు వెదకడం మాకు నిషేధించబడింది, ఏదైనా బయటపడితే అప్పుడు చర్య తీసుకుంటాం అని ఆయన బదులిచ్చారు. బయటపడటం వేరు, మనం తవ్వి బయటపెట్టడం వేరు.

గల్ఫ్‌లో భర్త ఉన్న స్త్రీల సంగతి నేను కొంచెం గట్టిగా చెప్పదలచుకున్నాను. కడప నుండి, కర్నూలు నుండి, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుండి, హైదరాబాదు పాతబస్తీ నుండి ఎంతమంది మగవాళ్లు కువైట్, సౌదీ, దుబాయ్‌లలో ఉన్నారో మీకు నేను చెప్పనక్కరలేదు. వారి భార్యాపిల్లలు ఇక్కడ అద్దె ఇళ్లలో ఉన్నారు. అద్దె వసూలుకు, మోటారు చూడటానికి, కరెంటు మీటరు చూడటానికి ఇంటాయన ఏ వేళనైనా తలుపు తోసుకుని వస్తుంటే ఆమె ఎవరికి చెప్పుకోవాలి? భర్తకు ఫోన్ చేస్తే ఆయన అక్కడ పని వదిలి రాలేడు. అత్తవారికి చెబితే తప్పు ఆమె మీదికే తిరుగుతుంది. అందుకని నోరు మూసుకుంటుంది. ఆ మౌనాన్ని అనుమతి అనుకోరాదు. కన్నతల్లి గదిలోకి పోవడానికి కూడా అనుమతి అడగమని ప్రవక్త (స) ఒక వ్యక్తికి చెప్పిన సంగతి ముఅత్తాలో ఉన్నది. నేను ఆమెతోనే ఉంటాను, ఆమెకు సేవ చేసేది నేనే అని అతడన్నా, అడగమనే అన్నారు. సొంత ఇంట్లో చిన్నపిల్లలు సైతం ఫజర్‌కు ముందు, మధ్యాహ్నం విశ్రాంతి వేళ, ఇషా తరువాత అడిగి రావాలని సూరహ్ నూర్ 58వ ఆయతు చెబుతున్నది.

కాలం మారింది, తొంగిచూసే రంధ్రాలు కూడా మారాయి. ఇంటి రక్షణకు వాకిట కెమెరా పెట్టుకోవడంలో తప్పు లేదు. కానీ ఆ కెమెరా కిరాయిదారు తలుపు లోపలికి, వారి వంటింటి కిటికీకి, బట్టలారేసుకునే చోటికి తిరిగి ఉంటే అది తలుపు రంధ్రమే. ఉస్మానియా ప్రభుత్వం 19వ శతాబ్దంలో హనఫీ ఫిఖ్హ్ ఆధారంగా క్రోడీకరించిన మజల్లా అనే ధర్మశాస్త్రంలో ఒక సూత్రం ఉన్నది. పొరుగింటి వంటగది, బావిగట్టు, లోపలి వాకిలి వంటి స్త్రీలు మసలే చోట్లు కనబడేలా కిటికీ తెరిస్తే అది తీవ్రమైన హాని, దాన్ని తొలగించాలి. కిటికీకి వర్తించినది కెమెరాకు వర్తించదని ఎవరూ అనలేరు. కిటికీలో నుండి చూసినది ఒక్కరి కంట పడుతుంది. కెమెరాలో పడినది ఎన్ని ఫోన్లకు పోతుందో అల్లాహ్‌కే ఎరుక.

కిరాయిదారులైన సోదరులు ఇంతవరకు విని సంతోషించి ఉంటారు. మీకూ ఒక మాట. ఇల్లు మీ చేతిలో అమానత్. యజమాని మరమ్మతు చేయించాలని ముందుగా చెప్పి, మేస్త్రీని తీసుకువస్తే, ఈరోజు కాదు రేపు అని నెలల తరబడి తిప్పకండి. గోడ చెమ్మ పట్టి కూలిపోయే దశకు వచ్చినా చూడనివ్వకపోతే అది పరదా కాదు, మొండితనం. ఇంటికి మరమ్మతు చేయించడం యజమాని బాధ్యత అని, చేయించకపోతే కిరాయిదారు ఇల్లు వదిలి పోవచ్చునని ఫుఖహాలు రాశారు. చేయించవలసినవాడికి చూసే దారి ఉండాలి కదా! ఖాళీ చేస్తానని మీరే మాట ఇచ్చిన తరువాత కొత్తవారికి చూపించడానికి ఒక వేళ కేటాయించండి. ఆడవారు పక్కగదిలోకి వెళ్లేందుకు పది నిమిషాలు వ్యవధి చాలు. అద్దె బకాయి పెట్టి, యజమాని అడగడానికి వస్తే ప్రైవసీ అని తలుపు మూసుకోవడం మోసం.

దేశ చట్టం కూడా దాదాపు ఇదే తూకంలో ఉన్నది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షను, అద్దె చెల్లిస్తూ షరతులు పాటించే కిరాయిదారు గడువు ముగిసేవరకు ఆటంకం లేకుండా ఆస్తిని అనుభవించవచ్చునని యజమాని చేత వాగ్దానం చేయిస్తుంది. అదే సెక్షను, సమంజసమైన వేళల్లో యజమాని వచ్చి ఇంటి స్థితి చూసుకోవడానికి కిరాయిదారు అనుమతించాలనీ అంటుంది. 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం, మరమ్మతుకో తనిఖీకో రావాలంటే కనీసం 24 గంటల ముందు తెలియజేయాలని నిర్దేశించింది. అయితే అది నమూనా, రాష్ట్రం తన శాసనం చేసుకుంటేనే అమలులోకి వస్తుంది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తి గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. వీటిని ఎందుకు చెబుతున్నానంటే, ముస్లిములు తమ షరతులకు కట్టుబడి ఉంటారని ప్రవక్త (స) సెలవిచ్చారు. అగ్రిమెంటు రాసుకునేటప్పుడే ఒక పంక్తి చేర్చుకోండి: ఇల్లు చూడదలిస్తే ఒకరోజు ముందు ఫోన్ చేయాలి, ఇంట్లో మగవారో పెద్దవారో ఉన్న వేళ రావాలి, రెండో తాళంచెవి యజమాని వద్ద ఉంటే ప్రమాదంలో తప్ప వాడరాదు. ఇంటావిడ ఉంటే ఆవిడే కిందికి వచ్చి చూసి వెళ్లడం ఇంకా మేలు. అద్దె నోటిమాట మీద ఇచ్చినా సరే, ఈ మాటలు నోటితోనే చెప్పుకోండి.

చివరిగా మసీదు కమిటీ పెద్దలకు ఒక మనవి. మన మసీదుకు వక్ఫ్ చేయబడిన ముల్గీలు ఉన్నాయి, వాటి వెనుక సంసారాలు ఉండే గదులు ఉన్నాయి. దుకాణం తెరిచి ఉన్నంతసేపు అందులోకి ఎవరైనా రావచ్చు, అనుమతి ప్రశ్న లేదు. వెనుక గదుల సంగతి అలా కాదు. అల్లాహ్ పేరిట ఉన్న ఆస్తి కనుక మేం ఎప్పుడైనా వెళ్లి చూస్తాం అని కొందరు పెద్దలు అంటున్నట్టు నా చెవిన పడింది. ముతవల్లీ వక్ఫ్‌కు సంరక్షకుడు. సొంతదారుడే తలుపు తట్టవలసి ఉంటే సంరక్షకుడు ఇంకా ముందుగా తట్టాలి. అద్దె రిజిస్టరులో ప్రతి గదికి ఎదురుగా ఫోన్ నంబరు రాసి ఉంచండి. అద్దె వసూలుకు జుమా తరువాత వెళ్తే ఇంట్లో మగవారు ఉంటారు. అన్ని గదుల రెండో తాళంచెవులు ఒక కవరులో పెట్టి సీలు వేసి ఆఫీసు బీరువాలో ఉంచితే, ఎప్పుడు ఎవరు తెరిచారో అందరికీ తెలుస్తుంది. ఈ పని వచ్చే జుమాకు ముందే పూర్తి చేయమని కోరుతున్నాను.

యా అల్లాహ్! మా ఇళ్లను, మా పొరుగువారి ఇళ్లను, మేము అద్దెకిచ్చిన ఇళ్లను, మేము అద్దెకున్న ఇళ్లను సుకూన్ నిలయాలుగా చేయి. మా కళ్లను, మా అడుగులను కాపాడు. దూరదేశాల్లో ఉన్నవారి ఇల్లాళ్లకు, బిడ్డలకు, ఇద్దత్‌లో ఉన్న స్త్రీలకు నీ రక్షణ ప్రసాదించు. ఆమీన్.

అఖూలు ఖౌలీ హాజా, వ అస్తగ్ఫిరుల్లాహ లీ వ లకుమ్.